పేదవాని చేతికి సొమ్ము ఇస్తే ఏమవుతుంది?

రమజాన్ దగ్గర పడుతోందంటే మన ఇళ్ళలో జకాత్ లెక్కలు మొదలవుతాయి. ఇల్లాలి ఒంటి మీది బంగారం ఎంత, అంగట్లో సరుకు ఎంత, ఇతరుల నుంచి రావలసిన బాకీలు ఎంత అని పైసాతో సహా చూసుకుంటాం. చూసుకోవాలి కూడా. కాని లెక్క తేలిన తరువాత ఆ సొమ్ము హక్కుదారునికి ఏ రూపంలో చేరాలన్న దగ్గరికి వచ్చేసరికి మన శ్రద్ధ సడలిపోతుంది. బట్టల కొట్టుకు వెళ్ళి ఒకే రకం చీరలు టోకున కొనేస్తాం. లేదా రేషన్ సంచులు కట్టించి పంచేస్తాం. అదేమని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: "డబ్బు చేతికిస్తే వాళ్ళు తగలేస్తారండీ!"

ఈ మాటలో ఎంత నిజముందో పరిశీలిద్దాం. వస్తు రూపంలో ఇస్తే జకాత్ చెల్లదని మేము అనడం లేదు. వస్తువు విలువను న్యాయంగా లెక్కగట్టి, నిరుపేదకు దాన్ని సొంతం చేస్తే హనఫీ పండితుల దృష్టిలో జకాత్ నెరవేరుతుంది. ఇక్కడ ప్రశ్న ధర్మసమ్మతమా కాదా అన్నది కాదు. పేద కుటుంబానికి ఏది ఎక్కువ మేలు చేస్తుందన్నదే.

దివ్యఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్ హక్కుదారులు ఎనిమిది వర్గాలుగా పేర్కొనబడ్డారు. వారిలో ముందున్నవారు ఫఖీర్లు, మిస్కీన్లు. ఈ సొమ్మును వారికి 'తమ్లీక్' చేయాలని, అంటే వారిని దానికి యజమానులుగా చేయాలని హనఫీ ఫిఖహ్‌లో ఒక ముఖ్యమైన నియమం ఉంది. అందుకే దస్తర్‌ఖాన్ పరచి పేదలకు కడుపునిండా భోజనం పెట్టినా, దానితో జకాత్ తీరదని ఆ పండితులు అన్నారు. అదే భోజనాన్ని వారి చేతికిచ్చి, తీసుకువెళ్ళే హక్కు కల్పిస్తే తీరుతుంది. తేడా చాలా చిన్నదిగా కనిపిస్తుంది. కాని మొదటి సందర్భంలో పేదవాడు మన అతిథి మాత్రమే, రెండవ సందర్భంలో అతను యజమాని. యజమాని అయినవాడు తినవచ్చు, దాచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, తనకంటే పేదవానికి ఇచ్చివేయనూ వచ్చు.

ఇక 'తగలేస్తారు' అన్న భయం సంగతి. ఇది మనకొక్కరికే ఉన్నది కాదు, ప్రపంచమంతటా ఉన్నదే. అందువల్ల దీని మీద పరిశోధనలు కూడా చాలా జరిగాయి. పేదలకు నగదు ఇస్తే సారాయి, పొగాకుల మీద ఖర్చు పెరుగుతుందా అన్న విషయమై ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాలలో జరిగిన 19 అధ్యయనాలను డేవిడ్ ఎవాన్స్, అన్నా పొపోవా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఒకచోట చేర్చి చూశారు. 2017లో ప్రచురితమైన వారి వ్యాసం ప్రకారం, ఆ ఖర్చు పెరగలేదు. సగటున చూస్తే కొంచెం తగ్గింది కూడా.

దూరదేశాల సంగతి మనకెందుకు అనుకునేవారికి మన దేశంలోని ఉదాహరణ ఒకటుంది. 2011లో మధ్యప్రదేశ్‌లోని కొన్ని గ్రామాలలో 'సేవ' మహిళా సంఘం, యునిసెఫ్ సహకారంతో ఒక ప్రయోగం చేసింది. ఏ షరతూ లేకుండా పెద్దలకు నెలకు 200 రూపాయలు, పిల్లలకు 100 రూపాయలు ఇచ్చారు. పిల్లల సొమ్మును తల్లికి అందించారు. ఏడాది తరువాత వాటిని 300, 150కి పెంచారు. ఎంత స్వల్పమో చూడండి! అయినా ఆ ఇళ్ళలో పిల్లల, ముఖ్యంగా ఆడపిల్లల బరువు మెరుగుపడింది. బడికి వెళ్ళడం పెరిగింది. కొందరు మేకలో కోళ్ళో కొనుక్కున్నారు. డబ్బు వస్తోంది కదా అని పని మానేసినవారు పెరగలేదు, సొంత చేలో పని చేసుకునేవారే పెరిగారు.

ఇంత చిన్న మొత్తం అంత పని ఎలా చేసిందంటే, పేదవాని ఇంటిని తినేసేది ఆకలి ఒక్కటే కాదు, అప్పు కూడా. చేతిలో నగదు లేని ఇల్లాలు కిరాణా కొట్టులో ఖాతా మీద సరుకు తెస్తుంది. ఖాతా మీద తెచ్చేవారికి ధర ఎక్కువ, సరుకు నాసి. అడిగే నోరుండదు. పిల్లవాడికి జ్వరం వస్తే గిరిగిరి ఫైనాన్స్ దగ్గరికో, వారం వడ్డీ వానికడకో పరుగెత్తాలి. వడ్డీ హరామ్ అని మనం ప్రసంగాలలో చెబుతూనే ఉన్నాం. కాని ఆ రాత్రి ఆమెకు కావలసిన అయిదు వందలు మన మొహల్లాలో ఎవరి దగ్గర దొరుకుతాయో చెప్పలేకపోతున్నాం. బియ్యం సంచి ఆమెకు అన్నం పెడుతుంది గాని వడ్డీ వాణ్ణి గుమ్మం నుంచి పంపించలేదు. అది నగదుతోనే అవుతుంది.

ఇప్పుడు షరతుల విషయం. సొమ్ముకు ఒక షరతు తగిలిస్తే కుటుంబం లోపల ఏం జరుగుతుందో హజ్రత్ ఉమర్ (రజి) కాలంలోని ఒక సంఘటన చక్కగా చూపుతుంది. ఇబ్నె సఅద్ తన 'తబఖాత్'లో దాన్ని నమోదు చేశారు. బైతుల్‌మాల్ నుంచి పిల్లలకు భత్యం ఇచ్చేవారు గాని, పాలు మాన్పించిన పిల్లలకే అన్న నియమం ఉండేది. ఒకసారి మదీనా శివార్లలో ఒక వర్తక బృందం విడిది చేసింది. ఖలీఫా స్వయంగా హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)తో కలిసి రాత్రి కాపలా కాశారు. ఒక పసివాడు ఏడుపు ఆపడం లేదు. రెండుమూడు సార్లు వెళ్ళి తల్లిని మందలించారు. వచ్చినవారెవరో తెలియని ఆ తల్లి విసుగుతో, పాలు మాన్పించిన పిల్లలకే ఉమర్ భత్యం ఇస్తాడు కాబట్టి త్వరగా మాన్పిస్తున్నానని చెప్పింది. బిడ్డకింకా కొన్ని నెలలే. మర్నాడు ఫజ్ర్ నమాజులో ఖలీఫా దుఃఖం వల్ల ఆయన పారాయణం వెనుకనున్నవారికి స్పష్టంగా వినిపించలేదట. నమాజు కాగానే ఆ నియమాన్ని రద్దు చేసి, పుట్టిన ప్రతి శిశువుకూ భత్యం నిర్ణయించి, అన్ని ప్రాంతాలకూ ఆదేశం పంపారు.

గమనించండి. ఆ షరతు పెట్టినవారిలో దురుద్దేశం లేదు. ఆ తల్లిలోనూ క్రూరత్వం లేదు. పేదరికంలో ఉన్న మనిషి సొమ్ము ఎటు ఉంటే అటు వంగుతాడు. మన కాలంలో ఆఫ్రికాలోని మలావీ దేశంలో ఆడపిల్లల మీద జరిగిన ఒక అధ్యయనం (2011లో ప్రచురితం) కూడా ఇలాంటిదే చూపింది. బడికి వస్తేనే సొమ్ము అన్న షరతు పెట్టిన చోట చదువు బాగా నిలిచింది. షరతు లేకుండా ఇచ్చిన చోట చిన్న వయసు పెళ్ళిళ్ళు, గర్భాలు ఎక్కువ తగ్గాయి. బడి మానేసిన పిల్లకు మొదటి పద్ధతిలో ఏమీ దక్కదు మరి! కాబట్టి షరతులన్నీ చెడ్డవని అనలేం. కాని షరతు పెట్టే కమిటీవారు, దాన్ని నెరవేర్చలేనివాడి గతి ఏమిటన్న ప్రశ్న ముందుగా వేసుకోవాలి.

మొత్తం ఒకేసారి ఇవ్వాలా, నెలనెలా ఇవ్వాలా అన్నది మరో చర్చ. కెన్యాలోని రరీయెడా ప్రాంతంలో 2011, 2012 సంవత్సరాలలో పేద కుటుంబాలకు రెండు విధాలుగానూ ఇచ్చి చూశారు. నెలనెలా అందుకున్నవారి ఇళ్ళలో తిండికి లోటు తగ్గింది. ఒక్కసారిగా అందుకున్నవారు రేకుల కప్పు, ఇంటి సామాను వంటి నిలిచే వస్తువులు సమకూర్చుకున్నారు. మన ఇమాములు ఈ చర్చ ఎప్పుడో చేశారు. అప్పులూ పోషించవలసిన కుటుంబమూ లేని ఒక్క వ్యక్తికి నిసాబ్ అంత ఇవ్వడాన్ని హనఫీలు మక్రూహ్ అన్నారు. ఏడాదికి సరిపడా ఇవ్వాలన్నది మాలికీ, హంబలీ పండితుల వద్ద ప్రసిద్ధమైన అభిప్రాయం. ఇమామ్ నవవీ అయితే, వృత్తిదారునికి పనిముట్లు కొనుక్కునేంత, వర్తకునికి పెట్టుబడి అంత ఇవ్వాలని రాశారు. అది పెద్ద మొత్తమైనా సరే.

అబూదావూద్‌లోని ఒక ఉల్లేఖనం కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది (దాని పరంపర బలం గురించి ముహద్దిసుల మధ్య చర్చ ఉంది). యాచించడానికి వచ్చిన ఒక అన్సారీ ఇంట్లోని దుప్పటి, గిన్నెలను దైవప్రవక్త (స) వేలం వేయించగా రెండు దిర్హములు వచ్చాయి. ఒక దిర్హముతో ఇంటికి తిండి, రెండవదానితో గొడ్డలి కొనమన్నారు. గొడ్డలికి తమ చేతులతోనే పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని పంపారు. పదిహేను రోజులలో అతను పది దిర్హములు సంపాదించాడు. మేము ఎత్తి చూపేది మొదటి దిర్హమును. మన సంఘాలు పేద విధవరాళ్ళకు కుట్టు మిషన్లు ఇస్తాయి, మంచిదే. కాని ఆ ఇంట్లో ఆకలి ఉంటే నెల తిరిగేలోగా మిషన్ తాకట్టుకు పోతుంది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002 నుంచి కటిక పేదలకు పశువులతో పాటు కొంతకాలం చేతి ఖర్చు, శిక్షణ కూడా ఇచ్చింది. అదే పద్ధతిని మన దేశంతో సహా ఆరు దేశాలలో పరీక్షించగా మంచి ఫలితాలు వచ్చాయని 2015లో తేలింది.

నగదు అన్నిటికీ మందు కాదు. టీచరు రాని బడిని, డాక్టరు లేని ఆసుపత్రిని పేదవాడు మన జకాత్‌తో బాగుచేయలేడు. మద్యానికి బానిసైన భర్త ఉన్న ఇంట్లో సొమ్ము భార్య చేతికే ఇవ్వాలి, అదీ గుట్టుగా.

ఇచ్చేటప్పుడు "ఇది జకాత్" అని చెప్పనవసరం లేదు. మనసులో సంకల్పం ఉంటే చాలు, ఈదీ అనో కానుక అనో ఇవ్వవచ్చు. ఈ రోజుల్లో ఫోను ద్వారా పంపేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. సొమ్ము ఖాతాలో పడగానే పాత అప్పు వాయిదా కింద బ్యాంకు కోసుకునే ఖాతాలుంటాయి. అప్పు తీరుతుంది గాని ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగదు. అందువల్ల పంపే ముందు, ఖాతాకు వేయాలా, చేతికివ్వాలా అని ఆమెనే అడగండి.