మ్యూయాన్‌కు ముసలితనం లేదు

మొదటి సంవత్సరం పరీక్షలో నేను "మ్యూయాన్ 2.2 మైక్రోసెకన్లు బతికి నశిస్తుంది" అని రాసొచ్చాను. మార్కు రాలేదు. పుస్తకంలో అంకె అదే కదండీ అని లెక్చరర్ గారి దగ్గరికి వెళ్తే, "సగటు అన్న మాట ఎక్కడ పోయిందయ్యా?" అన్నారు. ఆ ఒక్క మాట తలకెక్కడానికి నాకు చాలా రోజులు పట్టింది.

మాది వ్యవసాయ కుటుంబం. వరి నాటితే ఇన్నాళ్ళకు పొట్టకొస్తుంది, ఇన్నాళ్ళకు కోతకొస్తుంది అన్న లెక్కలో పెరిగినవాణ్ణి. మ్యూయాన్ కూడా అలాగే పండి రాలుతుందనుకున్నాను. కాదు. వెయ్యి మ్యూయాన్లు ఉన్నాయనుకుందాం. 2.2 మైక్రోసెకన్లు గడిచేసరికి సుమారు 368 మిగులుతాయి. మరో 2.2 గడిస్తే 135. ఇంకో 2.2 గడిస్తే 50. ప్రతిసారీ అదే నిష్పత్తి! అంటే అప్పుడే పుట్టినదానికీ, ఎంతోసేపటి నుంచి ఉన్నదానికీ మరుక్షణం గండం సమానమే. ఏది ఎప్పుడు పోతుందో చెప్పలేం. గుంపులో ఎన్ని పోతాయో మాత్రం చెప్పొచ్చు.

పోవడమంటే మాయమవడం కాదు. ఎలక్ట్రాన్ కంటే సుమారు 207 రెట్లు బరువైన ఈ కణం ఒక ఎలక్ట్రాన్‌గా, రెండు న్యూట్రినోలుగా మారిపోతుంది. విత్తనంలో మొలకలా అవి ముందే లోపల దాగి ఉంటాయనుకుని ఇక్కడా పొరబడ్డాను. అవి ఆ క్షణాన పుట్టినవే.

ఇక అసలు చిక్కు. కాస్మిక్ కిరణాలు గాలిని ఢీకొనడం వల్ల దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తున మ్యూయాన్లు తయారవుతాయి. కాంతివేగంతో పరిగెత్తినా 2.2 మైక్రోసెకన్లలో 660 మీటర్లే. మరి నేలదాకా ఎలా వస్తున్నాయి? అమెరికాలో ఫ్రిష్, స్మిత్ అనే శాస్త్రజ్ఞులు మౌంట్ వాషింగ్టన్ మీద, సుమారు 1900 మీటర్ల ఎత్తున, గంటకు 560 దాకా లెక్కపెట్టారు. సముద్రమట్టానికి వచ్చేసరికి మామూలు లెక్కన ముప్పై మిగలాలి. 400 పైన వచ్చాయి! 1963లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. వేగంగా పోయేదాని గడియారం మన లెక్కకు నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ చెప్పింది ఇదే. ఆ దారంతా దిగడానికి మన గడియారంలో ఆరు మైక్రోసెకన్లకు పైగా పడితే, మ్యూయాన్ గడియారంలో ఒక్కటైనా పట్టలేదు.

మీరిది చదువుతుండగానే చాచిన అరచేతిలోంచి సెకనుకు ఇంచుమించు ఒకటి చొప్పున దూసుకుపోతున్నాయి. జంటగా వచ్చిన రెండింట్లో ఇదెందుకు ముందు, అదెందుకు వెనక అని లెక్చరర్ గారిని మళ్ళీ అడిగాను. క్వాంటం సిద్ధాంతంలో దానికి కారణమంటూ లేదన్నారు. పరీక్షలో అలాగే రాస్తాను గానీ, నాకింకా మింగుడు పడలేదు.