స్క్రామ్‌జెట్: గాలిని వాడుకునే ఇంజిన్లు

పోటీ పరీక్షల ప్రత్యేకం - సైన్స్ అండ్ టెక్నాలజీ

రాకెట్ ఇంధనంతో పాటు ఆక్సీకరణినీ మోసుకెళ్తుంది. ఎయిర్ బ్రీతింగ్ ఇంజిన్ మాత్రం దహనానికి కావాల్సిన ఆక్సిజన్‌ను వాతావరణం నుంచే తీసుకుంటుంది. దీంతో వాహనం బరువు తగ్గుతుంది.

రకాలు
* టర్బోఫ్యాన్: తిరిగే కంప్రెసర్ గాలిని కుదిస్తుంది. ప్రయాణికుల జెట్ విమానాల్లో వాడేది ఇదే.
* ర్యామ్‌జెట్: కంప్రెసర్ ఉండదు. వాహన వేగం వల్లే గాలి కుదించుకుపోతుంది. నిశ్చల స్థితి నుంచి సొంతంగా బయలుదేరలేదు. దహన గదిలో గాలి వేగం ధ్వని వేగం కన్నా తక్కువ.
* స్క్రామ్‌జెట్: దహన గదిలోనూ గాలి ధ్వనిని మించిన వేగంతోనే ప్రవహిస్తుంది. మంట ఆరిపోకుండా నిలపడం, విపరీతమైన వేడిని తట్టుకోవడం ప్రధాన సవాళ్లు.

ముఖ్య తేదీలు
* 2004 నవంబరు 16: నాసా స్క్రామ్‌జెట్ వాహనం ఎక్స్-43ఏ దాదాపు మాక్ 9.6 వేగాన్ని అందుకుంది.
* 2016 ఆగస్టు 28: శ్రీహరికోట నుంచి ఇస్రో తొలి స్క్రామ్‌జెట్ ప్రయోగం. ఇంధనం హైడ్రోజన్.
* 2020 సెప్టెంబరు 7: ఒడిశాలోని అబ్దుల్ కలాం ద్వీపం నుంచి డీఆర్‌డీఓ స్క్రామ్‌జెట్ వాహనం హెచ్‌ఎస్‌టీడీవీ ప్రయోగం విజయవంతం.
* 2025 ఏప్రిల్ 25: హైదరాబాద్‌లో డీఆర్‌డీఓ ప్రయోగశాల డీఆర్‌డీఎల్ స్క్రామ్‌జెట్ దహన గదిని 1,000 సెకన్లకు పైగా భూతల పరీక్షలో నడిపింది.

గమనిక: ర్యామ్‌జెట్, స్క్రామ్‌జెట్ మధ్య తేడా అడిగితే దహన గదిలో గాలి వేగం ఆధారంగా జవాబు గుర్తించాలి.