పక్షిని పోల్చుకోవడం

ఆఫ్రికా ఖండంలో కునేనె, జాంబెజి నదులకు దక్షిణాన ఉన్న భూభాగం పక్షులకు పుట్టినిల్లు. నమీబియా ఎడారి మొదలు మొజాంబిక్ తీరం వరకు 900కు పైగా పక్షిజాతులు అక్కడ నమోదయ్యాయి. ఉష్ట్రపక్షిని గాని, సముద్రతీరపు పెంగ్విన్‌ను గాని గుర్తించడానికి పాండిత్యం అక్కరలేదు. పక్షి పరిశీలకునికి అసలు పరీక్ష గడ్డిమైదానంలో ఎదురవుతుంది.

అక్కడ సిస్టికోలా అనే పక్షులు నివసిస్తాయి. అవి పిచ్చుక కంటే చిన్నవి. ఒళ్లంతా గోధుమవర్ణం, వీపుపై నల్లని చారలు. జాతికీ జాతికీ రూపభేదం అత్యల్పం కావడం వల్ల దుర్భిణి, బొమ్మల పుస్తకం కూడ అంతగా అక్కరకు రావు. చెవి ఒక్కటే శరణ్యం. గూడు కట్టే కాలంలో మగపక్షి గాలిలోకి లేచి పాడుతుంది. ఒక జాతి పక్షి కెరటంలా ఎగసి పడుతూ, ప్రతి కెరటానికీ ‘జిట్’ అని కూస్తుంది. మరొకటి రెక్కలతో టపటప చప్పుడు చేస్తుంది. ఇంకొకటి కంటికి ఆననంత ఎత్తుకు పోతుంది. దాని పాట మాత్రమే నేలకు చేరుతుంది. దానికి ‘మేఘ సిస్టికోలా’ అని పేరు. ‘జిట్’ అని కూసే జాతి మన దేశపు గడ్డిబీళ్లలోను, పొలాలలోను కూడ ఉంది. గట్టు మీద నడిచిపోయే మనలో ఎందరు దానిని ఎరుగుదురు?

పేరు తెలిసినంత మాత్రాన ఒరిగేదేమిటని కొందరు అడుగుతారు. దక్షిణాఫ్రికాలో ఏ పక్షి ఎక్కడ ఉన్నదో తెలిపే పటాలను మొదట 1987-1991 మధ్య సామాన్య పౌరుల సాయంతో రూపొందించారు. రెండవ ప్రయత్నం 2007లో ఆరంభమైంది. భూమిని చిన్న చిన్న గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో కనిపించిన, వినిపించిన జాతులను వ్రాసుకుంటారు. ఏ జాతి ఎక్కడ తరిగిపోతున్నదో ఆ జాబితాలే చెబుతాయి. పేరు పొరబడితే పటమే అబద్ధమాడుతుంది. సందేహం తీరని పక్షిని జాబితాలో చేర్చకుండా విడిచిపెట్టాలి. క్రొత్తవారికి మింగుడుపడని నియమమిది!

వేసవిలో, అంటే అక్కడ డిసెంబరు నుండి, హైవెల్డ్ పీఠభూమిపై విద్యుత్ తీగల మీద చిన్న డేగలు బారులు తీరుతాయి. దూరానికి అన్నీ ఒక్కటే. దగ్గరకు వెళితే రెండు జాతులు. లెస్సర్ కెస్ట్రెల్ మగపక్షి వీపు ఇటుకరంగు, కాళ్లు పసుపుపచ్చన. అమూర్ డేగ మగపక్షి ముదురు బూడిదరంగు, కాళ్లు నారింజ వన్నె. ఎగిరినప్పుడు రెక్కల అడుగున ముందుభాగం తెల్లగా మెరుస్తుంది.

ఈ అమూర్ డేగ తూర్పు ఆసియాలో పుట్టినది. శరత్కాలంలో నాగాలాండ్‌లో విడిసి, మన ద్వీపకల్పం మీదుగా అరేబియా సముద్రాన్ని దాటి ఆఫ్రికా చేరుతుంది. తెలుగునేల మీది ఆకాశం కూడ దాని బాటలోనిదే. 2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం వద్ద ఈ డేగలను వలలు పన్ని వేల సంఖ్యలో చంపారు. ఆ వార్త దేశవిదేశాలను కలచివేసింది. మరుసటి ఏడాది అక్కడి గ్రామస్థులే వేట మానుకున్నారు. ఆ 2013లోనే కొన్ని డేగలకు ఉపగ్రహ పరికరాలు అమర్చగా, వాటి ప్రయాణం దక్షిణాఫ్రికా వరకు సాగినట్లు తేలింది.

అక్కడి చిన్న పట్టణాలలో సాయంకాలం ఈ రెండు జాతులూ కలిసి నీలగిరి చెట్లపై వాలుతాయి. పరిశీలకులు క్రింద నిలిచి, వెలుగు చాలినంతసేపు లెక్కిస్తారు. వేసవి ముగిసిన పిదప ఒకనాటి సాయంకాలం ఆ కొమ్మలు బోసిగా కనిపిస్తాయి.