మిత్ర పురుగులను గుర్తిద్దాం



పురుగు అనగానే మన ప్రాంతంలో ముందుగా గుర్తుకు వచ్చేది పురుగుమందు డబ్బా. సత్తెనపల్లి చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప ప్రధానమైన పంటలు. వానాకాలం మొదలు సంక్రాంతి దాకా ఏ డొంకలో నడిచినా మందు వాసన తగులుతుంది. ఆ పంపు వీపున మోసేవారిలో మన నాన్నలు, బాబాయిలు, అన్నయ్యలు ఉన్నారు. మందు కలపడానికి బిందెలతో నీళ్లు అందించేది మన అమ్మలు. సాయంత్రం ఇంటికి వచ్చాక తలనొప్పి, వాంతులు, కళ్లు మంటలు మనకు తెలియనివి కావు. పైగా ఆ మందు చాలాసార్లు అప్పు మీద తెచ్చినదే. అందుచేత ఈ పాఠాన్ని మీరు సెలవులకు వెళ్లినప్పుడు ఇంట్లో చదివి వినిపించాలని రాస్తున్నాము.

చేలో కనిపించే పురుగులన్నీ పంటను తినేవి కావు. పంటను తినే పురుగులను తినేవి కూడా అక్కడే ఉంటాయి. వీటిని మిత్ర పురుగులు అంటారు. ఇవి రెండు విధాలు. కొన్ని వేటాడి తింటాయి. మరికొన్ని శత్రు పురుగు గుడ్డులోనో, ఒంట్లోనో తమ గుడ్డు పెడతాయి. అందులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును లోపలి నుండి తినివేస్తుంది. వీటిని పరాన్నజీవులు అంటారు. చూడటానికి మైళ్ల దూరం పోనక్కరలేదు. మా హాస్టలు వెనుక ఉన్న వంగ, బెండ, టమాట మొక్కల మీదనే చాలా వరకు కనిపించాయి.

అక్షింతల పురుగు

ఇది అందరికీ తెలిసినదే. సగం శనగబద్దంత ఉండి, ఎర్రగా లేక పసుపుగా, నల్లని మచ్చలతో నిగనిగలాడుతుంది. పేనుబంకను ఇష్టంగా తింటుంది. అయితే దీని పిల్లపురుగును చాలామంది గుర్తుపట్టరు. అది తల్లి పోలిక కాదు. చిన్న మొసలి ఆకారంలో, నల్లగా, అక్కడక్కడ నారింజ మచ్చలతో ఉంటుంది. చూసిన వారు ఇదేదో చెడ్డ పురుగు అని నలిపివేస్తారు. నిజానికి ఆ పిల్లపురుగు పెరిగి పెద్దదయ్యే లోపల కొన్ని వందల పేనుబంక పురుగులను తింటుంది. గుడ్లు పసుపు రంగులో, ఆకు అడుగున ఒకచోట గుంపుగా నిలబెట్టినట్లు ఉంటాయి. గుడ్డు నుండి పెద్ద పురుగు అయ్యేసరికి సుమారు మూడు వారాలు పడుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వంగ ఆకును జల్లెడలా చేసే పురుగును కూడా మనవాళ్లు అక్షింతల పురుగు అనే పిలుస్తారు. అది శత్రువే. తేడా తెలుసుకోవడం సులభం. వంగను తినే దాని ఒంటి మీద సన్నని నూగు ఉండి నిగనిగలాడదు, మచ్చలు ఎక్కువగా ఉంటాయి. దాని పిల్లపురుగు పసుపు రంగులో ఉండి ఒళ్లంతా ముళ్లు ఉంటాయి. అది ఉన్న ఆకు మీద ఈనెలు మాత్రమే మిగులుతాయి. పేరు ఒకటే అయినా ఒకటి కాపలాదారు, రెండవది దొంగ. పేరు విని తీర్పు చెప్పకుండా, ఆకు తిప్పి చూడాలి.

మిగిలిన మిత్రులు

అల్లిక రెక్కల పురుగు లేత ఆకుపచ్చగా ఉంటుంది. రెక్కలు పలుచగా వల అల్లినట్లు కనిపిస్తాయి. దీని గుడ్లు విచిత్రంగా ఉంటాయి. సన్నని వెంట్రుక కొసన గుండుసూది తల పెట్టినట్లు ఆకు మీద నిలబడి ఉంటాయి. మేము మొదట అవి బూజు అనుకున్నాము! దీని పిల్లపురుగు తన కొడవలి వంటి దవడలతో పేనుబంకను, చిన్న పురుగుల గుడ్లను పొడిచి రసం పీలుస్తుంది.

సాలీళ్లు, తూనీగలు ఎలాగూ వేటాడతాయి. సాలీడుకు ఎనిమిది కాళ్లు కనుక అది కీటకం కాదు గాని, చేలో చేసే పని మాత్రం ఇదే.

పరాన్నజీవులలో ముఖ్యమైనది ట్రైకోగ్రామా. ఇది ఒక మిల్లీమీటరు కూడా ఉండని కందిరీగ జాతి. కుట్టదు. రెక్కల పురుగులు, అనగా శనగపచ్చ పురుగు వంటి వాటి తల్లులు, పెట్టిన గుడ్డులో ఇది తన గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు నల్లబడుతుంది, దానిలోంచి పురుగుకు బదులు మరో ట్రైకోగ్రామా బయటకు వస్తుంది. ప్రయోగశాలల్లో బియ్యపు పురుగు గుడ్ల మీద వీటిని పెంచి, అట్టలకు అంటించి రైతులకు ఇస్తారు. వాటినే ట్రైకో కార్డులు అంటారు. కార్డును ముక్కలు చేసి సాయంత్రం పూట ఆకు అడుగున పిన్ను చేయాలి. ముందు, తర్వాత కొన్ని రోజులు మందు కొట్టరాదు.

పేనుబంక గుంపులో కొన్ని ఉబ్బి, గోధుమ రంగులో కదలకుండా ఉంటే అవి చనిపోయినవే. వీపున గుండ్రని రంధ్రం ఉంటే అందులోంచి చిన్న కందిరీగ బయటకు వెళ్లిపోయిందని అర్థం. అలాంటి ఆకును తుంచి పారవేయకూడదు.

మందు కొడితే ఏమవుతుంది?

పేనుబంక తల్లి మగదానితో పని లేకుండానే పిల్లలను కంటుంది. ఆ పిల్ల వారం రోజుల్లో మళ్లీ తల్లి అవుతుంది. అక్షింతల పురుగుకు మూడు వారాలు కావాలని పైన చెప్పుకున్నాము. ఘాటైన మందు కొట్టినప్పుడు రెండూ చస్తాయి. ఆకు అడుగున మిగిలిన నాలుగు పేనుబంక పురుగులు వారంలో వందలవుతాయి. వాటిని తినేది మాత్రం ఇంకా పుట్టదు. రైతు మళ్లీ మందు కొడతాడు. ఇంకొక సంగతి, మందుకు చావని కొన్ని పురుగుల సంతానమే తర్వాత చేను నిండా మిగులుతుంది.

ఇది మన జిల్లాలోనే జరిగింది. 1980ల మొదట్లో సింథటిక్ పైరిథ్రాయిడ్ అనే కొత్త మందులు వచ్చాయి. మొదట బాగా పనిచేశాయి. పల్నాడు అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉండేది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద వాటిని విపరీతంగా కొట్టారు. తెల్లదోమ విజృంభించింది. 1987-88లో శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగలేదు. పంట పోయింది, అప్పు మిగిలింది, కొందరు పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను పాడుచేసినప్పుడు కూడా ఎన్ని మందులు కొట్టినా చాలామందికి తోటలు దక్కలేదు.

మరి మందు లేకుండా పత్తి పండుతుందా? ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గర (ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా) పునుకుల అనే గ్రామం 2000 తర్వాతి తొలి సంవత్సరాలలో రసాయన పురుగుమందులను పూర్తిగా మానివేసింది. వేప కషాయం, లింగాకర్షక బుట్టలు, పక్షులు వాలడానికి కొయ్యలు వాడారు. ఆ ఊరి మహిళా సంఘాల పట్టుదల ఇందులో ఎక్కువ. మన రాష్ట్రంలో 2016 నుండి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని నేర్పుతున్నది.

బొప్పాయి కథ కూడా తెలుసుకోదగినది. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయికి విదేశీ పిండినల్లి పట్టింది. ఒంటి మీద మైనపు పొడి ఉండటం వలన మందు దానికి అంటలేదు. 2010లో ప్యూర్టోరికో నుండి దాని సహజ శత్రువులైన చిన్న కందిరీగలను తెప్పించి, బెంగళూరులో పెంచి తోటల్లో వదిలారు. పిండినల్లి అదుపులోకి వచ్చింది.

మిత్ర పురుగులు ఉంటే ఇక ఏ బాధా లేదని మేము అనము. కొత్త పురుగు హఠాత్తుగా వచ్చినప్పుడు అవి చాలవు. కాని వాటిని మన చేత్తో చంపుకోవడం మాత్రం ఎవరికీ లాభం కాదు, మందుల కొట్టుకు తప్ప.

పెరటి తోటలో చేయవలసినది

మిత్ర పురుగులకు తిండి, నీడ కావాలి. కందిరీగలకు పూల తేనె ముఖ్యం. కాబట్టి మడి అంచున ధనియాలు చల్లి పూతకు వదిలివేయాలి. టమాట వరుసల మధ్య బంతి వేస్తే శనగపచ్చ పురుగు తల్లి బంతి మీద గుడ్లు పెడుతుంది. పత్తి చేలో అలసంద వరుస వేస్తే దాని మీదికి పేనుబంక వస్తుంది, దాని వెనుకే అక్షింతల పురుగులు వచ్చి పెరుగుతాయి. మిరప చుట్టూ జొన్న లేక మొక్కజొన్న రెండు మూడు వరుసలు దట్టంగా వేయడం మంచిది. పేనుబంక ఉన్న కొమ్మకు చీమలు బారులు కట్టి ఉంటే వాటిని మళ్లించాలి. పేనుబంక వదిలే తియ్యని జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగును తరిమివేస్తాయి.

పొలంబడిలో రైతులకు నేర్పే లెక్క ఒకటి ఉంది. ఉదయం పూట చేలో అక్కడొకటి ఇక్కడొకటి మొక్కలు ఎంచుకొని ఆకు తిప్పి చూడాలి. శత్రు పురుగులను, మిత్ర పురుగులను వేరువేరుగా లెక్కపెట్టాలి. రెండు శత్రువులకు ఒక మిత్రుడు ఉంటే మందు అవసరం లేదు, నాలుగు రోజులు ఆగి మళ్లీ చూడాలి. మిత్రులు అంతకంటే తక్కువగా ఉంటే ముందుగా వేపగింజల కషాయం కొట్టాలి. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున మూటను బాగా పిండి, వడగట్టి, కొద్దిగా సబ్బు నీరు కలిపి అదే రోజు ఎండ తగ్గాక ఆకు అడుగు తడిచేటట్లు చల్లాలి. వేపగింజలు మన ఊళ్లలో వేసవి చివర రాలుతాయి. అప్పుడే ఏరి, కడిగి, నీడలో ఆరబెట్టి గోనెసంచిలో దాచుకోవాలి.