లోడ్ పడ్డాకే అసలు లెక్క

టార్చిలైటులో పనికిరాని సెల్లు తీసి గోడగడియారంలో వేస్తాం. నెలల తరబడి అది హాయిగా నడుస్తుంది. మరి ఆ సెల్లు అయిపోయినట్టా, కానట్టా? అంతర్నిరోధం పాఠం దగ్గర తడబడే పిల్లలు ముందు ఈ ప్రశ్న తేల్చుకోవాలి. సూత్రం సంగతి తర్వాత.

ఆ సెల్లుకు మల్టీమీటరు పెడితే 1.4 వోల్టులు చూపించిందనుకుందాం. కొత్త సెల్లుకీ దీనికీ పెద్ద తేడా లేదే! ఉండదు మరి. మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా కాబట్టి అది చూపించేది ఈఎంఎఫ్, అంటే విద్యుచ్ఛాలక బలమే. ఇప్పుడు టార్చిబల్బును లోడ్‌గా తగిలించి, కరెంటు పారుతుండగానే మళ్లీ కొలవండి. బల్బు 0.2 ఆంపియర్లు లాగుతుంటే రీడింగు 0.8కి పడిపోయింది. మిగతా 0.6 వోల్టులు సెల్లు లోపలే ఖర్చయ్యాయి. 0.6ను 0.2తో భాగిస్తే 3 ఓములు. అదే అంతర్నిరోధం. గడియారం లాగేది మిల్లీఆంపియర్లలో మాట, దానికి లోపల పోయే వోల్టేజి లెక్కలోకే రాదు.

ఇంకో ప్రశ్న. ఎనిమిది పెన్సిల్ సెల్లులు వరసగా కలిపితే 12 వోల్టులు. కారు బ్యాటరీ కూడా 12 వోల్టులే. సెల్లులతో కారు స్టార్టవుతుందా? ఒక్కో సెల్లుకు 0.2 ఓము చొప్పున వేసుకున్నా మొత్తం 1.6 ఓములు. షార్ట్ చేసినా 7.5 ఆంపియర్లు దాటవు. స్టార్టరు మోటారుకేమో వందల ఆంపియర్లు కావాలి. కారు బ్యాటరీలో నిరోధం 0.01 ఓము దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, 200 ఆంపియర్లు లాగినా 2 వోల్టులే తగ్గుతాయి.

చదువులోనూ ఇదే తిరకాసు. పుస్తకం తెరిచి చదువుతుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది, లోడ్ లేదుగా! పుస్తకం మూసి, తెల్లకాగితం మీద సర్క్యూట్ గీయండి. బల్బు పక్కన ఇంకో బల్బు సమాంతరంగా కలిపితే వోల్టుమీటరు రీడింగు పెరుగుతుందా, తగ్గుతుందా? ముందు నోటితో చెప్పండి, తర్వాతే లెక్క కట్టండి. చెప్పిందొకటి, వచ్చిందొకటి అయితే సంతోషించండి. లోపం ఎక్కడుందో దొరికింది.

పరీక్షలో మార్కులు పడిపోగానే ‘వీడికి బుర్రలేదు’ అనేస్తారు పెద్దవాళ్లు. బుర్ర ఉంటుంది, లోపల ఏదో అడ్డం పడుతుంటుంది. చాలామందికి ఆ అడ్డం ఫిజిక్సే కాదు, భిన్నాలు. లేదంటే మిల్లీఆంపియర్లను ఆంపియర్లుగా మార్చడం. ‘నువ్వు సింహానివి’ అంటూ వోల్టేజి పెంచే ఉపన్యాసాలకు కొదవలేదు గానీ, ఈ చిన్న అడ్డాలను వెతికి తీసేవాళ్లే తక్కువ. తప్పుపోయిన పది లెక్కలు ముందేసుకుని, ప్రతిదాని పక్కనా ఎక్కడ ఆగారో ఒక్క మాటలో రాయండి. ఒకే మాట మూడుసార్లు వస్తే ఈ వారం ఆ పని మీదే కూర్చోండి. కొత్త పాఠం ఆగుతుంది, పర్లేదు.

సెల్లు ప్రయోగం పిల్లలు ఇంట్లోనే చేయొచ్చు. కారు బ్యాటరీ, ఇన్వర్టరు బ్యాటరీల జోలికి మాత్రం పోనివ్వకండి. నిరోధం అంత తక్కువున్నచోట పొరపాటున పానా రెండు టెర్మినల్స్‌కూ తగిలితే చెయ్యి కాలుతుంది.