ఎలక్ట్రిక్ నైఫ్ షార్పెనర్: స్లాట్‌లో కత్తి పెట్టే ముందు ఇది చదవండి

మా అమ్మ వేలికి మూడు కుట్లు పడ్డాయి. కోసింది మొద్దుబారిన కత్తి కాదు, పదునైన కత్తి. ఆ పదును పెట్టింది నేనే.

పోయిన సంక్రాంతికి డల్లాస్ నుంచి వచ్చిన అక్క ఒక ఎలక్ట్రిక్ నైఫ్ షార్పెనర్ తెచ్చింది. ఇంట్లోకి కొత్త గాడ్జెట్ వస్తే నాలాంటి వాడికి నిద్ర పడుతుందా? ఒక రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో ఉన్న కత్తులన్నిటికీ వరసపెట్టి సాన పట్టేశాను. పొద్దున అమ్మ ఎప్పటిలాగే టమాటా మీద కత్తి పెట్టి గట్టిగా నొక్కింది. నిన్నటి కత్తికి ఆ బలం కావాలి, ఇవాళ్టి కత్తికి అక్కర్లేదు. టమాటా దాటి వేలి దాకా వెళ్లిపోయింది. "ఒరేయ్, ఒక్క మాట చెప్పొచ్చు కదరా" అంది, అంతే.

కాబట్టి మొదటి రూల్: పదును పెట్టిన రోజు ఇంట్లో కత్తి పట్టే ప్రతి ఒక్కరికీ చెప్పండి. ఏ యూజర్ మాన్యువల్‌లోనూ నాకు ఈ మాట కనిపించలేదు. ఇక మెషిన్ సంగతికి వద్దాం.

పదును అంటే కత్తి రెండు పక్కలూ కిందికి వచ్చి ఒక సన్నటి గీత దగ్గర కలవడమే. వాడేకొద్దీ ఆ గీత గుండ్రంగా అరిగిపోతుంది, లేదా ఒక పక్కకి ఒరుగుతుంది. షార్పెనర్ చేసే పని ఒక్కటే, రెండు పక్కలా కొంత లోహాన్ని అరగదీసి ఆ గీతని మళ్లీ తయారు చేయడం. చాలా మోడల్స్‌లో ఇందుకోసం వజ్రపు పొడి అతికించిన చక్రాలు తిరుగుతుంటాయి. ఫోన్ స్క్రాచ్ టెస్టుల్లో మనం వినే మోహ్స్ స్కేల్ ఉంది కదా, అందులో వజ్రానిది 10. అంటే ఎంత గట్టి స్టీల్ అయినా దాని ముందు అరిగిపోవాల్సిందే. మెషిన్‌కి ఉన్న బలం అదే, దానితో వచ్చే ప్రమాదమూ అదే. ఎప్పుడు ఆపాలో దానికి తెలీదు.

మామూలుగా రెండు మూడు స్టేజ్‌లు ఉంటాయి. మొదటిది గరుకు, రెండోది సన్నం, చివరిది పాలిష్. నేను వీటిని ఇలా గుర్తుపెట్టుకుంటాను: మొదటి స్టేజ్ ఫ్యాక్టరీ రీసెట్, చివరి స్టేజ్ రీస్టార్ట్. ఫోన్ కాస్త నెమ్మదించిందని వారం వారం ఎవరూ ఫ్యాక్టరీ రీసెట్ కొట్టరు. కానీ కత్తి విషయంలో నేను సరిగ్గా అదే చేశాను, దాని ఫలితం కాసేపట్లో చెప్తాను.

కొనే ముందు చూడాల్సిన స్పెక్ మోటార్ వాట్స్ కాదు, కోణం. సాధారణ యూరోపియన్ తరహా కత్తులకి ఒక్కో పక్క సుమారు 20 డిగ్రీలు, జపనీస్ తరహా వాటికి 15 డిగ్రీలు. ఇది ఊరికే పెట్టిన లెక్క కాదు. జర్మన్ కత్తుల స్టీల్ గట్టిదనం రాక్‌వెల్ స్కేల్ మీద ఇంచుమించు 56-58 ఉంటుంది, జపనీస్ కత్తులు చాలావరకు 60 దాటతాయి. గట్టి స్టీల్ సన్నటి అంచుని నిలబెట్టుకోగలదు. మెత్తటి స్టీల్‌ని కూడా అంతే సన్నగా చేస్తే మొదటి రోజు గాలిని కూడా కోస్తుంది, వారం తిరిగేసరికి అంచు ఒరిగిపోతుంది. మన వీధి చివర స్టీలు సామాన్ల షాపులో దొరికే ప్లాస్టిక్ పిడి కత్తికి 15 డిగ్రీల మెషిన్ దండగ.

మీ కత్తి కోణం మెషిన్ కోణంతో కలుస్తుందో లేదో చూడటానికి ఒక చిన్న చిట్కా. అంచు వెంబడి పర్మనెంట్ మార్కర్‌తో గీసి, స్లాట్‌లో ఒక్కసారి లాగి చూడండి. ఇంకు అంచు చివరి దాకా పోయిందంటే కోణం కలిసినట్టే. అంచుకి పైన మాత్రమే పోయి, అంచు దగ్గర నల్లగానే ఉందంటే మెషిన్ కోణం మీ కత్తి కోణం కన్నా సన్నం. చక్రం అంచుని తాకాలంటే ముందు పైనున్న లోహమంతా పోవాలి.

ఇప్పుడు లాగడం. ముందు స్విచ్ వేయండి, తర్వాత కత్తి పెట్టండి. పిడి వైపు నుంచి మొన వైపుకి, ఒకే వేగంతో. ఎనిమిది అంగుళాల కత్తికి ఐదారు సెకన్లు పట్టాలి. నొక్కొద్దు, కత్తి బరువే చాలు. మధ్యలో ఆపితే ఆగిన చోట గుంట పడుతుంది, మొన స్లాట్‌లో ఉండగా ఆపితే మొన గుండ్రమవుతుంది. ఎడమ స్లాట్‌లో ఒకటి, కుడి స్లాట్‌లో ఒకటి, అలా మార్చి మార్చి.

ఎన్నిసార్లు? ఇక్కడే అసలు విద్య ఉంది. అంకె లెక్కపెట్టొద్దు, బర్ కోసం వెతకండి. ఒక పక్క అంచు దాకా అరిగిందంటే, అక్కడి లోహం సన్నటి తీగలా రెండో పక్కకి మడుచుకుంటుంది. దాన్నే బర్ అంటారు. మెషిన్ ఆపి, కత్తి తుడిచి, బొటనవేలిని కత్తి వీపు వైపు నుంచి అంచు వైపుకి మెల్లగా జార్చండి. అంచు పొడవునా వేలు ఎప్పుడూ నడపొద్దు. చివర్లో గోరుకి తగిలే గరుకు ఉంటే అదే బర్. అది పిడి నుంచి మొన దాకా ఉంటే మొదటి స్టేజ్ పని అయిపోయినట్టే. ఎక్కడైనా లేకపోతే అక్కడ ఇంకా పదును రాలేదని అర్థం, అలాంటప్పుడు పాలిష్ స్టేజ్‌లో ఎన్నిసార్లు లాగినా లాభం లేదు.

చివరి స్టేజ్ ఉన్నది ఈ బర్‌ని తీసేయడానికి. చాలామంది దాన్ని మెరుపు కోసం అనుకుని రెండుసార్లు లాగి వదిలేస్తారు. బర్ మిగిలిన కత్తి కూడా పేపర్‌ని సర్రున కోస్తుంది, రివ్యూ వీడియోలు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. రెండ్రోజులు వంట చేశాక ఆ తీగ విరిగిపోతుంది, కత్తి మళ్లీ మొద్దు. "ఈ మెషిన్ పదును నిలవట్లేదు" అని ఒక స్టార్ ఇచ్చే ముందు చివరి స్టేజ్‌లో ఇంకో నాలుగుసార్లు లాగి చూడండి. అన్నట్టు, మా అమ్మ ఏళ్లుగా పింగాణీ కాఫీ కప్పుని బోర్లించి, దాని అడుగున ఉండే గరుకు అంచు మీద కత్తి రుద్దుతుంది. నేను నవ్వేవాణ్ణి. సిరామిక్ కడ్డీ చేసే పని కూడా అదే అని తర్వాత తెలిసింది.

ఇక నా ఫ్యాక్టరీ రీసెట్ కథ. వేలు మానాక అమ్మకి ఆ పదును నచ్చింది. నేను ఉత్సాహంగా ప్రతి ఆదివారం మూడు స్టేజ్‌లూ కొట్టేవాణ్ణి. ఎనిమిది నెలల తర్వాత అమ్మ ఉల్లికాడలు తరుగుతుంటే ముక్కలు విడిపోవట్లేదు, దండలా వేలాడుతున్నాయి. కత్తిని కటింగ్ బోర్డు మీద నిలబెట్టి చూస్తే పిడి దగ్గర సందులోంచి వెలుతురు కనిపించింది. ఆ కత్తికి పిడి పక్కన మందపాటి లోహపు దిమ్మ ఉంది. అది అడ్డం వచ్చి చక్రం పిడి దాకా చేరలేదు, దాని పక్కనే వారం వారం తిని గుంట చేసింది. అది మా నాన్న కొనిచ్చిన కత్తి, ఇంట్లో పన్నెండేళ్ల నుంచి ఉంది. సాన పట్టేవాడి దగ్గరికి తీసుకెళ్తే ఆ దిమ్మ కింది భాగం అరగదీసి, అంచు మొత్తం సమం చేసి ఇచ్చాడు. కత్తి బతికింది కానీ వెడల్పు బాగా తగ్గింది.

ఇప్పుడు నా పద్ధతి ఇది: రెండు మూడు వారాలకోసారి చివరి స్టేజ్ మాత్రమే. దానితో కూడా టమాటా తొక్క జారిపోతుంటేనే రెండో స్టేజ్. మొదటి స్టేజ్ అంచు పెచ్చులూడితేనో, ఏళ్ల తరబడి సాన చూడని కత్తికో.

అన్ని కత్తులూ దీనికి పనికిరావు. బ్రెడ్ కోసే రంపపు పళ్ల కత్తిని మామూలు స్లాట్‌లో పెడితే పళ్లు అరిగిపోతాయి. ఒక పక్కే వాలు ఉండే జపనీస్ కత్తులకి రెండు పక్కలా అరగదీసే మెషిన్ వాడకూడదు. సిరామిక్ కత్తి అయితే దానికోసమే చేసిన మోడల్ కావాలి. కత్తిపీట సంగతి అడగొద్దు, సైకిల్ మీద చక్రం తిప్పుకుంటూ వచ్చే సానవాడే దానికి దిక్కు.

అమెరికా నుంచి తెప్పించుకునే వాళ్లకి ఒక ముఖ్యమైన మాట. ఫోన్ ఛార్జర్ల మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉండటం మనకి అలవాటైపోయింది, ఏ అడాప్టర్ తగిలించినా నడిచిపోతుందనుకుంటాం. మోటార్ ఉన్న వస్తువులు అలా కాదు. అక్క తెచ్చినదాని అడుగున స్టిక్కర్ మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. మన ప్లగ్‌లో వచ్చేది దాదాపు రెట్టింపు. ట్రావెల్ అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుంది తప్ప వోల్టేజ్ మార్చదు, పెట్టి ఉంటే మోటార్ కాలిపోయేది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాకే స్విచ్ వేశాను. దాని వాట్స్ మెషిన్ వాట్స్ కంటే ఎక్కువ ఉండేలా చూసుకోవాలి. ఇక్కడే 230 వోల్టుల మోడల్ దొరికితే ఈ గొడవే లేదు.

పని అయ్యాక కత్తిని కడిగి తుడవండి, అంచుకి లోహపు పొడి అంటుకుని ఉంటుంది. మెషిన్ లోపల పేరుకున్న పొడిని కూడా అప్పుడప్పుడు దులపాలి, ప్లగ్ తీసేసి.

కొనాలా వద్దా అంటే, ఇంట్లో ఉన్నది ఒక్క వంద రూపాయల కత్తి అయితే వద్దు, కాఫీ కప్పు చాలు. ఓపిక ఉన్నవాళ్లకి సానరాయి ఇంకా మంచిది, తక్కువ అరుగుతుంది, కోణం మీ చేతిలో ఉంటుంది. మంచి కత్తులు మూడు నాలుగు ఉండి, రాయితో కూర్చునే టైమ్ లేనివాళ్లకి మెషిన్ బాగుంటుంది. మాది ఇప్పటికీ వాడుతున్నాం. పదును పెట్టిన రోజు ఫ్రిజ్ మీద ఒక పసుపు కాగితం అతికిస్తాను: "కత్తి తెగుతుంది."