సర్పంచ్ ఓటుకు సెలవు ముందే అడగండి

హైదరాబాద్‌లో తాపీ పని, విశాఖలో కంపెనీ ఉద్యోగం, గుజరాత్ వేరావల్‌లో చేపల వేట. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఇలా బయటికి వెళ్లినవాళ్లు ఎమ్మెల్యే ఎన్నికలకు ఎలాగో ఊరు చేరుతున్నారు. పంచాయతీ ఎన్నికలకే రాలేకపోతున్నారు. వీధి లైటు, కాలువ, మంచినీళ్లు చూసే వార్డు సభ్యుడు కొద్దిపాటి ఓట్ల తేడాతో గెలుస్తాడు. సమానంగా వస్తే లాటరీ తీస్తారు. మీ ఓటుకు అందరికంటే ఎక్కువ బరువుండేది అక్కడే.

చిక్కు సెలవు దగ్గరే వస్తుంది. లోక్‌సభ, శాసనసభ పోలింగ్ రోజున జీతంతో సెలవు ఇవ్వాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ చెబుతోంది. రోజుకూలీకీ ఆ రోజు కూలి ఇవ్వాలి. పని వేరే ఊళ్లో, ఓటు సొంతూళ్లో ఉన్నా ఈ హక్కు ఉంటుంది. ఈ సెక్షన్ పంచాయతీ ఎన్నికలకు మాత్రం వర్తించదు. అందుకే షెడ్యూల్ రాగానే మేస్త్రీకో, మేనేజర్‌కో చెప్పి సెలవు ఖాయం చేసుకోండి. మీ మండలం ఏ విడతలో ఉందో కూడా చూసుకోవాలి. 2021లో ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలు జరిగాయి. వేరావల్‌లో అది నిండు వేట కాలం.

వేళ సంగతి ఇంకా ముఖ్యం. ఆ ఎన్నికల్లో పోలింగ్ ఉదయం ఆరున్నరకు మొదలై మధ్యాహ్నం మూడున్నరకే ముగిసింది. సాయంత్రం రైలు దిగినవాళ్లకు మిగిలింది ఓట్ల లెక్కింపు చూడడమే. శాసనసభకైనా అన్నిచోట్లా ఒకే వేళ ఉండదు. 2024 మే 13న పాలకొండ, కురుపాం, సాలూరుల్లో 5 గంటలకే ముగించారు, మైదాన ప్రాంతంలో 6 దాకా సాగింది. ముందురోజు రాత్రికే ఇల్లు చేరేలా బయల్దేరండి.

టికెట్టు కొనేముందు జాబితాలో పేరు చూసుకోండి. పంచాయతీ జాబితా శాసనసభ జాబితా నుంచే తయారవుతుంది. పేరు లేకపోతే ఫారం 6, చిరునామా మారితే ఫారం 8. అనుమానముంటే 1950కి ఫోన్ చేయండి, లేదా ఊళ్లో బీఎల్‌వోను అడగమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. పనికోసం తాత్కాలికంగా వెళ్లినంతమాత్రాన సొంతూరి ఓటు పోదు. కుటుంబంతో సహా విశాఖలో స్థిరపడితే మాత్రం ఓటు అక్కడికి మార్పించుకోవడమే సరైనది. రెండుచోట్లా ఉంచుకోవడం చట్టం ఒప్పుకోదు.

శాసనసభ ఓటుకు వెళ్లినప్పుడు ఓటరు కార్డు దొరక్కపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ చెల్లుతాయి. ఓటరు స్లిప్పు ఒక్కటే చూపిస్తే చాలదు. మీ పేరున అప్పటికే ఎవరో ఓటేశారని చెబితే వెనక్కి తిరగకండి. ప్రిసైడింగ్ అధికారికి మీ గుర్తింపు రుజువు చేసి టెండర్ ఓటు అడగండి, బ్యాలెట్ పత్రం ఇస్తారు. ముగింపు వేళకు వరుసలో నిలబడి ఉంటే, ఎంత ఆలస్యమైనా మీ చేత ఓటు వేయించే పంపాలి.